చెవితో చదివే అంతరిక్ష యుద్ధాలు

రెండు నెలల కిందట ఈ శీర్షికలో మాటవరసకి ‘పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తూ అంతరిక్ష యుద్ధాలు వింటుంటాను’ అని రాశాను. అంటే, అంతరిక్ష నౌకాదళాల నవలల్ని ఆడియోబుక్‌లుగా వినడం. అప్పట్నుంచి అవే ఉత్తరాలు. నేవీలో ఇరవై రెండేళ్లు కమ్యూనికేషన్ విభాగంలో చేసి వచ్చినవాడికి యుద్ధాల మోజు ఇంకా తీరలేదా అని ఒకరు వెక్కిరించారు కూడా. అయ్యా, నేను యుద్ధం చూసింది లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మెసేజీలు విన్నానంతే. ఇప్పుడూ చేస్తున్నది అదే. ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు.

ప్రశ్న: శుక్లాల ఆపరేషన్ తర్వాత చిన్న అక్షరాలు ఎక్కువసేపు చదవలేకపోతున్నాను. మనవడు ఫోన్‌లో ఆడియోబుక్ పెట్టిచ్చాడు. డేవిడ్ వెబర్ రాసిన ఆనర్ హారింగ్టన్ సిరీస్ మొదటి పుస్తకం వింటున్నాను. బాగానే ఉంది గానీ, వినడం చదవడం కిందికి వస్తుందా? నలుగురిలో ‘చదివాను’ అనొచ్చా?
(రిటైర్డ్ లెక్కల మాస్టారు, కాకినాడ)

జవాబు: మాస్టారూ, నిక్షేపంగా అనండి. కొచ్చిలో మా సిగ్నల్ స్కూల్లో మోర్స్ అనే టెలిగ్రాఫ్ సంకేత భాష నేర్పేటప్పుడు మొదటి వారాలు చుక్కలూ గీతలూ లెక్కపెట్టుకుంటూ చచ్చేవాళ్లం. లెక్కపెట్టేలోపు తర్వాతి అక్షరం వెళ్లిపోయేది. ఒకరోజు ఉన్నట్టుండి లెక్క మాయమై అక్షరమే వినపడింది. ఆ విద్యని అక్కడ ‘మోర్స్ చదవడం’ అనే అనేవాళ్లు. రేడియోలో కూడా అంతే. నా మాట వినిపిస్తోందా అని అడగాలంటే ‘హౌ డు యూ రీడ్ మీ’ అంటాం. సముద్రంలో ఉన్నవాళ్లు చెవితో చదువుతారని ఒప్పుకున్న మాట అది. ఇంక నలుగురి సంగతి మనకెందుకు?

తేడా లేదని మాత్రం అనను. కన్ను దాటేస్తుంది, చెవి దాటలేదు. ఆ మొదటి పుస్తకం, 1993లో వచ్చిన ‘ఆన్ బెసిలిస్క్ స్టేషన్’, నేను అచ్చులో చదివినప్పుడు మిసైళ్ల లెక్కలున్న పేజీలన్నీ గబగబా తిప్పేశాను. ఎన్ని వదిలారు, ఎన్ని దారిలో పేలాయి, ఎన్ని సెకన్లు మిగిలాయి... ఇదంతా ఎవరికి కావాలి అనుకున్నా. తర్వాత ఆలిసన్ జాన్సన్ గొంతులో విన్నాను. ఆవిడ ఒక్క అంకె వదల్లేదు. అప్పుడు తెలిసింది నేను పారేసుకున్నదేంటో. కథానాయిక ఆనర్ నడిపే ఓడలోంచి మిసైల్ ట్యూబులు చాలా వరకు పీకేసి, శత్రువుని ఆనుకుని నిలబడితే తప్ప పనిచేయని ఒక కొత్త ఆయుధం పెట్టారు కదా. విన్యాసాల్లో అది ఒక్కసారి అదిరిపోయేలా పనిచేస్తుంది. ఆ తర్వాత అందరికీ కిటుకు తెలిసిపోయి ప్రతిసారీ ఓడిపోతుంది. ఆ పరువు తక్కువకే ఆమెని మారుమూల స్టేషన్‌కి తోసేస్తారు. చివర్లో అసలు పోరాటం వచ్చేసరికి దగ్గర ఎన్ని మిసైళ్లు ఉన్నాయన్న లెక్కలోనే కథంతా ఉంది. లెక్కల మాస్టారు మీరు, నాకంటే బాగా పట్టుకుంటారు.

మామూలు వేగంలోనే వినండి. ఒకటింపావు వేగం పెట్టి ‘నెలకి ఆరు పుస్తకాలు పూర్తి చేశా’ అనేవాళ్లతో పోటీ వద్దు. పడుకునే ముందు వింటే స్లీప్ టైమర్ తప్పనిసరి. నేను ఒకసారి మర్చిపోయి నిద్రపోయాను. లేచేసరికి రెండు గ్రహాలు చేతులు మారిపోయాయి.

ప్రశ్న: మియాపూర్ నుంచి రాయదుర్గం మెట్రోలో వెళ్తూ జాక్ క్యాంప్‌బెల్ ‘ది లాస్ట్ ఫ్లీట్’ వింటున్నాను. అమీర్‌పేటలో రైలు మారే రద్దీలో ఒక నిమిషం ధ్యాస తప్పితే చాలు, ఏ ఓడ ఎవరిదో, ఏ కెప్టెన్ ఎవరో అంతా కలగాపులగం. పైగా ‘శత్రువు కనిపించాడు’ అంటారు, గంటల తరబడి ఏమీ జరగదు. నాకే అర్థం కావట్లేదా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్)

జవాబు: అమ్మా, నీకు అర్థం కావట్లేదు అనుకుంటున్నదే ఆ సిరీస్‌లో అసలు రుచి. ఆ ‘గంటల తరబడి’ సంగతి ముందు చెబుతాను.

సూర్యుడి వెలుగు మనదాకా రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. వెలుగు ఒక గంటలో పోయే దూరం, అంటే ఒక లైట్ అవర్, సుమారు 108 కోట్ల కిలోమీటర్లు. శత్రు నౌకాదళం నీకు అయిదు లైట్ అవర్స్ దూరంలో ఉందనుకో. నీ తెర మీద కనిపించేది అయిదు గంటల కిందటి శత్రువు. నువ్విప్పుడు ఓడ మలిపితే ఆ మలుపు వాళ్లకి ఇంకో అయిదు గంటలకి గానీ కనపడదు. ఈ లోపు ఇద్దరూ అన్నం తిని కునుకు తీయొచ్చు, కథలో నిజంగా అదే చేస్తారు కూడా. వెలుగు వేగంలో పదో వంతున పోయే ఓడకి ఒక లైట్ అవర్ దాటడానికే పది గంటలు. అంతా అయ్యాక రెండు దళాలు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్ని ఒకటి దాటే క్షణం ఉంటుంది చూడు, అప్పుడు వాటి మధ్య వేగం సెకనుకి 60,000 కిలోమీటర్లు. కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. కాల్చేది కంప్యూటర్లే, మనిషి చేతులు అందుకోలేవు. పది గంటల ఎదురుచూపు, సెకనులో వెయ్యో వంతు యుద్ధం. ఓడలో రాత్రి వాచ్‌లో, అంటే కాపలా డ్యూటీలో, కూర్చున్న ఎవర్ని అడిగినా ఆ లెక్క సరైనదే అంటారు. ఆ టెన్షన్ రాయడం తెలిసింది ఆయనకి. క్యాంప్‌బెల్ కలం పేరు, అసలు పేరు జాన్ జి. హెమ్రీ. అమెరికా నేవీలో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. చదువుతుంటే తెలిసిపోతుంది.

ఇంకో చిన్న సంగతి. అంతరిక్షంలో కుడి ఎడమలకి అర్థం ఉండదు కదా, ఆ దళంలో అందరూ సూర్యుడి వైపుని స్టార్‌బోర్డ్ (ఓడల భాషలో కుడి) అనీ, దానికి అవతలి వైపుని పోర్ట్ (ఎడమ) అనీ అంటారు. మొదటి పుస్తకంలో ఇది ఒక్కసారి సరిగ్గా వింటే తర్వాత మలుపులన్నీ కళ్లకి కడతాయి. అమీర్‌పేట మెట్ల మీద ఉన్నప్పుడు ఆ ముక్క వచ్చిందో ఏమో.

ఇక పేర్ల గొడవ. అది నీ తప్పు కాదు, చెవి తప్పు. డాంట్‌లెస్, డేరింగ్ అనే ఓడల పేర్లు అచ్చులో వేరువేరు బొమ్మలు, చెవికి అన్నదమ్ములు. కెప్టెన్లలో డెస్జానీ, డ్యుయెలోస్ కూడా అలాగే. మేము మెసేజీ తీసుకునేటప్పుడు పక్కన చిన్న కాగితం మీద కాల్‌సైన్లు, అంటే రేడియోలో ఓడల్ని పిలిచే పేర్లు, రాసి పెట్టుకునేవాళ్లం. నువ్వూ అదే చెయ్యి. ఓడ పేరు, కెప్టెన్ పేరు, దళాన్ని నడిపే గియరీకి అనుకూలమా వ్యతిరేకమా: మూడు ముక్కలు. ఫోన్‌లో కాదు, కాగితం మీద. పది పేర్లు రాసేసరికి ఆ కాగితంతో పనే ఉండదు. చదివే క్రిస్టియన్ రమ్మెల్ కెప్టెన్లకి గొంతు మారుస్తాడు గనక కొంత సాయం దొరుకుతుంది.

నన్నడిగితే ఈ సిరీస్‌లో యుద్ధాల కన్నా మీటింగులు గొప్పవి. నూరేళ్లు నిద్రాణంగా పడి ఉన్న జాన్ గియరీ లేచేసరికి, ఇక్కడ యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంటుంది. అనుభవం ఉన్న ఆఫీసర్లు ఎప్పుడో చచ్చిపోయారు, నేర్పేవాళ్లు లేరు, వరసలో నిలబడి పోరాడటం అందరూ మర్చిపోయారు. ఏం చేయాలో కెప్టెన్లందరూ కూర్చుని తగువులాడుకుని తేల్చుకునే అలవాటు వచ్చింది. ఆ తగువులు చెవికి భలే పండుతాయి. కాబట్టి మీటింగులు మెట్రోలో విను. యుద్ధం మొదలయ్యేలా ఉంటే ఆపేసి, ఇంటికెళ్లి కూర్చుని విను.

ప్రశ్న: ఆనర్ హారింగ్టన్ ర్యాంకు మొదటి పుస్తకంలో కమాండర్. మరి ఓడలో అందరూ ‘కెప్టెన్’ అంటారేంటి? రచయిత మర్చిపోయాడా?
(బీటెక్ విద్యార్థి, తణుకు)

జవాబు: లేదు బాబూ. ఓడని నడిపే అధికారి ర్యాంకు ఏదైనా ఆ ఓడకి కెప్టెన్ అతనే. అది పదవి. కెప్టెన్ అనే ర్యాంకు వేరే ఉంది. ఇంకో తిరకాసు: సైన్యంలో కెప్టెన్ కుర్రాడు, నేవీలో కెప్టెన్ అంటే సైన్యంలో కల్నల్‌తో సమానం. మా బంధువుల పెళ్లిలో ఒక ఆర్మీ కెప్టెన్‌నీ ఒక నేవీ కెప్టెన్‌నీ పక్కపక్కన కూర్చోబెట్టి ‘ఇద్దరూ ఒకటే కదా’ అన్నారు మా మావయ్య. ఆ నేవీ కెప్టెన్ ముఖం చూడాలి.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. స్నేహితుల దగ్గర విని ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’, ‘ది ఫరెవర్ వార్’ కొనిపెట్టమని గొడవ. పుస్తకమో ఆడియోనో ఏదైనా సరే అంటున్నాడు. యుద్ధం గొప్పదని నూరిపోసే పుస్తకాలేమోనని భయం.
(ఒక తల్లి, గుంటూరు)

జవాబు: మీ భయంలో సగం నిజం ఉందమ్మా. ఆ రెండు పుస్తకాల మధ్య ఒక పాత తగువు నడుస్తోంది: మొదటిది సైనిక సేవని మెచ్చుకుంటుంది, రెండోది యుద్ధం మనిషిని ఏం చేస్తుందో చెబుతుంది. మీవాడికి అది తెలియదు.

‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ 1959లో వచ్చింది. రాసిన హైన్‌లైన్ అమెరికా నేవల్ అకాడమీలో చదివి, క్షయ రావడంతో 1934లో నేవీ వదలాల్సి వచ్చినవాడు. ఆ కథలో సర్వీసు పూర్తి చేసినవాళ్లకే ఓటు. యుద్ధం కన్నా క్లాసురూముల్లో ఉపన్యాసాలు, ట్రెయినింగ్ ఎక్కువ. ‘ది ఫరెవర్ వార్’ 1974ది. రాసిన జో హాల్డమన్‌ని సైన్యంలోకి తప్పనిసరిగా లాక్కుపోయి వియత్నాం పంపారు, అక్కడ గాయపడి తిరిగొచ్చాడు. అతని సైనికుడు మాండెల్లా కాంతివేగానికి దగ్గరగా ప్రయాణాలు చేయడం వల్ల అతనికి కొన్నేళ్లే గడుస్తాయి, ఇక్కడ భూమి మీద వందల ఏళ్లు గడిచిపోతాయి. ఇంటికొస్తే ఇల్లు లేదు, మాట్లాడే మాట కూడా తనది కాదు. సెలవు మీద ఇంటికొచ్చిన ప్రతివాడికీ అది కొంచెం కొంచెం తెలుసు. ఎనిమిది నెలల తర్వాత నేను వస్తే మా పెద్దమ్మాయి నన్ను చూసి తలుపు వెనక దాక్కుంది.

నా లెక్కలో రెండోది గొప్ప పుస్తకం, కానీ 13 ఏళ్లకి వద్దు. ఆడామగా సంబంధాల గురించి చాలా విప్పి రాశాడు. మొదటిది ఇవ్వొచ్చు, వాడికి సగంలో విసుగొచ్చి వదిలేసే అవకాశమే ఎక్కువ. వాడి వయసుకి 1985లో వచ్చిన ‘ఎండర్స్ గేమ్’ నయం. ఆరేళ్ల పిల్లాణ్ణి యుద్ధవిద్య నేర్పడానికి తీసుకుపోతారు. పిల్లల మధ్య కొట్లాటలు ఘోరంగానే ఉంటాయి, అందుకని ముందు మీరు చదవండి.

ఆడియో వద్దు, అచ్చు పుస్తకం కొనండి. ఇందాక మాస్టారికి వేరేలా చెప్పానని అనుకోకండి. వాడు చెవుల్లో పెట్టుకుంటే ఎక్కడున్నాడో మీకు తెలియదు. అచ్చు పుస్తకమైతే బల్ల మీద బోర్లా పడి ఉంటుంది. ఏ పేజీలో ఆగాడో చూసి, అన్నం దగ్గర ‘ఆ పిల్లాడికి పెద్దవాళ్లు నిజం ఎందుకు చెప్పలేదురా’ అని మీరే అడగొచ్చు.

ప్రశ్న: విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల్లో ఒక సిరీస్‌వి మూడోది, అయిదోది దొరికాయి. కొనేశాను. మధ్యలోంచి మొదలెట్టొచ్చా? మిగతావి ఆడియోలో వింటూ, ఇవి చదువుతూ కలిపి లాగించొచ్చా?
(బ్యాంకు ఉద్యోగి, మంగళగిరి)

జవాబు: ఏ సిరీసో రాయలేదు మీరు. ‘ది లాస్ట్ ఫ్లీట్’ అయితే కుదరదు. 2006 నుంచి 2010 దాకా వచ్చిన ఆరు పుస్తకాలూ కలిపి ఒకే ప్రయాణం, శత్రువు ఇంటి నడిబొడ్డు నుంచి సొంతూరికి. మూడోది చదవడమంటే జన్మభూమి రైలుని రాజమండ్రిలో ఎక్కి విశాఖలో ఏం జరిగిందని పక్కవాణ్ణి అడగడమే. ఆనర్ హారింగ్టన్ మొదటి రెండు మూడు పుస్తకాలు దేనికది నిలబడతాయి. లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ వోర్కోసిగన్ సిరీస్ అయితే ఆవిడే వరసగా రాయలేదు. 1986లో ‘షార్డ్స్ ఆఫ్ ఆనర్’ రాసి, దానికి ఆనుకుని జరిగే ‘బారయార్’ 1991లో రాశారు. ఆ రెండూ ముందు చదివి, తర్వాత మీ ఇష్టం.

కలిపి లాగించడం నేను చేసే పనే, అదీ తప్పనిసరై మొదలైంది. ఒకసారి ఒక పాత పుస్తకాల కొట్టులో సిరీస్ నాలుగో పుస్తకం యాభై రూపాయలకి కొన్నాను. రాత్రి పదకొండింటికి ముట్టడి మంచి పట్టులో ఉండగా పేజీ తిప్పితే అట్ట వచ్చింది. చివరి ముప్ఫై పేజీలు లేవు! కొట్టువాడు ‘అమ్మినప్పుడు ఉన్నాయి సార్’ అన్నాడు. ఆ ముగింపు కోసమే మొదటిసారి ఆడియోబుక్ కొన్నాను. ఇప్పుడు పాత పుస్తకం కొంటే మొదట చివరి పేజీ చూస్తాను, చదవకుండా, ఉందో లేదో మాత్రమే. మీరూ ఆ రెండూ ఓసారి వెనక్కి తిప్పి చూసుకోండి.

ఆడియోలో ఇంకో చిక్కు, మధ్యలో గొంతు మారడం. ‘ఎక్స్‌పాన్స్’ సిరీస్‌ని అచ్చంగా మిలిటరీ సైన్స్ ఫిక్షన్ అనలేం గానీ ఉదాహరణకి బాగుంటుంది. మూడు పుస్తకాలు జెఫర్సన్ మేస్ చదివాక నాలుగోది ‘సిబోలా బర్న్’ ఎరిక్ డేవీస్ చదివాడు. ఆయన తప్పేం లేదు పాపం, కానీ మనకి పరిచయమైన మనుషులందరూ ఒక్కరాత్రిలో గొంతులు మార్చుకుంటే ఎలా? తర్వాత దాన్ని మళ్లీ మేస్‌ చేతే చదివించి విడుదల చేశారు. అలాంటి చోట అచ్చు పుస్తకం పట్టుకోండి. అచ్చులో గొంతు మనదే కదా.

ప్రశ్న: రోజూ గంటన్నర డ్రైవింగ్. ఇంగ్లీషులో ఈ సిరీస్‌లు చాలా విన్నాను. తెలుగులో ఇలాంటివి ఏమైనా ఉన్నాయా? మా అమ్మానాన్నలకి కూడా వినిపించాలని ఉంది.
(న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తెలుగు ఆడియోలో మన కథలూ నవలలూ వినడానికి దాసుభాషితం లాంటి యాప్‌లు ఉన్నాయి. అంతరిక్షంలో నౌకాదళాలు తలపడే పెద్ద సిరీస్ మాత్రం నేను వెతికినంతలో దొరకలేదు. యుద్ధాన్ని చెవితో అందుకోవడం మనకి కొత్త కాదనుకోండి. చిన్నప్పుడు మా ఊరి రామకోవెల దగ్గర బొబ్బిలి బుర్రకథ తెల్లారేదాకా విన్నాను. 1757 నాటి యుద్ధం. మా ఊరు విజయనగరం వైపు, అంటే లెక్క ప్రకారం మేం శత్రుపక్షం. అయినా పాపారాయుడు డేరాలోకి దూరే ఘట్టం వచ్చేసరికి ఊరంతా ఈలలే. కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు చూడండి, ‘ఆహా, తర్వాతేమైంది’ అంటూ, మనకి రావాల్సిన అనుమానాలన్నీ ముందే వాళ్లు అడిగేస్తారు. ఆడియోబుక్‌లో నాకు లోటనిపించేది ఆ వంతలే. నాకు అర్థం కానిచోట ఆపి అడిగేవాడు లేడు.

అమ్మానాన్నలకైతే నేను మా ఇంట్లో చేస్తున్న పనే చేయండి. మా ఆవిడకి ఇంగ్లీషు చదవడం వచ్చు, వినేటప్పుడు ఆ వేగం అందదు. జాన్ స్కాల్జీ 2005లో రాసిన ‘ఓల్డ్ మ్యాన్స్ వార్’ని విలియం డుఫ్రిస్ గొంతులో నేను పొద్దున విని, రాత్రి భోజనాలయ్యాక ఆమెకి తెలుగులో చెబుతున్నాను. ఈ పుస్తకం చెవికి కుదిరింది, ఎందుకంటే కథంతా జాన్ పెర్రీ అనే ఒక్క మనిషే తన నోటితో చెబుతాడు. కాకపోతే సంభాషణల్లో ప్రతి ముక్కకీ ‘హీ సెడ్’, ‘ఐ సెడ్’ అని ఉంటుంది. అచ్చులో కన్ను దాన్ని గమనించదు, చెవిలో అది కొళాయి చుక్కలా పడుతూనే ఉంటుంది. తెలుగులో చెప్పేటప్పుడు అవన్నీ నేను తీసేస్తున్నాను.

డెబ్బై అయిదో పుట్టినరోజున పెర్రీ రెండు పనులు చేస్తాడు: భార్య సమాధి దగ్గరికి వెళ్తాడు, తర్వాత సైన్యంలో చేరతాడు. మొదటి రాత్రి అక్కడే ఆపించేసింది మా ఆవిడ. ‘సమాధి దగ్గర ఏం మాట్లాడాడు?’ అని అడిగింది. ‘ఆ వయసులో కాళ్లనొప్పులతో ఎవడు తీసుకుంటాడు?’ అంది. ‘ఎన్నేళ్లు ఉండాలట?’ అంది. రెండేళ్లని చెప్పి తీసుకుంటారు, పదేళ్ల దాకా పొడిగించొచ్చని కాగితంలో ఉంటుంది అని చెప్పాను. ‘నువ్వూ అలాగే సంతకం పెట్టావు కదా’ అంది. ఆ రాత్రి కథ ముందుకి సాగలేదు.

ప్రస్తుతం పెర్రీకి పాత ఒళ్లు తీసేసి కొత్తది ఇచ్చారు. ఆ ఒళ్లు ఆకుపచ్చ రంగులో ఉందని చెప్పగానే ‘పచ్చ అంటే అరిటాకు పచ్చా, చిలకపచ్చా?’ అని అడిగింది. పుస్తకంలో ఏమన్నాడో గుర్తు రాలేదు. రేపు పొద్దున వెనక్కి తిప్పి మళ్లీ వినాలి.